స్కాట్లాండ్ కొండలకి వాటర్‌ప్రూఫ్ జాకెట్: 120 పౌండ్లలో ఏది కొనాలి?

కాకినాడ కాజా

అందరికీ నమస్కారమండి. సెప్టెంబరులో గ్లాస్గో వచ్చాను, మాస్టర్స్ చదువుతున్నాను. యూనివర్సిటీలో కొండలెక్కే క్లబ్బు ఉంటే చేరిపోయాను (చేరిన రోజు పిజ్జా పెట్టారు, అసలు కారణం అదే). ఈ నెలాఖరు శనివారం బెన్ లోమండ్ తీసుకెళ్తున్నారు. తెచ్చుకోవాల్సిన సామాన్ల జాబితాలో మొట్టమొదటిది వాటర్‌ప్రూఫ్ జాకెట్. పక్కనే "షవర్‌ప్రూఫ్ (చిన్న జల్లుకి మాత్రమే ఆగేది) కుదరదు" అని ఎర్ర అక్షరాల్లో రాశారు.

నా దగ్గర ఇప్పుడున్నవి రెండు. ఒకటి, హైదరాబాద్‌లో బండి మీద ఆఫీసుకెళ్లేటప్పుడు వేసుకున్న రెయిన్‌సూట్. కోటూ పాంటూ సెట్టు, లోపల రబ్బరు పూత. కూకట్‌పల్లి వానల్లో నానబెట్టినా చుక్క లోపలికి రాలేదు. రెండోది, వచ్చే ముందు అమ్మ కొనిపెట్టిన బొద్దు జాకెట్. వెచ్చగా ఉంటుంది గానీ చినుకు పడితే పీల్చేసుకుంటుంది.

నా సందేహాలు ఇవండి. ఆ రెయిన్‌సూట్‌తో పని జరిగిపోతుందా? షాపులో ఒక్కో జాకెట్ ట్యాగు మీద 5,000 అనీ, 10,000 అనీ, 20,000 అనీ మిల్లీమీటర్ల లెక్క ఉంది, అదేంటి? గోర్-టెక్స్ లేకపోతే బతకలేమా? వారాంతాల్లో హోటల్లో గిన్నెలు కడిగి సంపాదిస్తున్న డబ్బులు కాబట్టి 120 పౌండ్లు దాటలేను. మే నెలలో వెస్ట్ హైలాండ్ వే అనే పొడవాటి నడకదారి కూడా నడవాలని ఉంది, దానికీ ఇదే పనికిరావాలి.

గేర్ పిచ్చోడు

బ్రో, రెయిన్‌సూట్ మాట మర్చిపో. డబ్బులు కూడబెట్టి ఒకేసారి గోర్-టెక్స్ ప్రో తీసుకో, మూడు నాలుగు వందలు అవుతుంది కానీ ఏళ్ల తరబడి చూడక్కర్లేదు. టెఫ్లాన్ తెలుసుగా, ఆ పదార్థాన్నే బాబ్ గోర్ 1969లో సర్రున సాగదీస్తే సన్నని రంధ్రాల పొర వచ్చింది. ఆ రంధ్రం నీటి చుక్క కన్నా వేల రెట్లు చిన్నది, ఆవిరి అణువు కన్నా వందల రెట్లు పెద్దది. వాన లోపలికి రాదు, చెమట ఆవిరి బయటికి పోతుంది. మిగతా కంపెనీల పొరలన్నీ దీని వెనకాల పరిగెత్తినవే. ఇప్పుడు ఫ్లోరిన్ రసాయనాలు లేకుండా ఈపీఈ అని కొత్త పొర కూడా వచ్చింది. చవకది కొని రెండేళ్లకోసారి మార్చడం కంటే ఇదే లాభం.

హనుమకొండ అక్క

తమ్మీ కాజా, నేను స్టిర్లింగ్‌లో ఉంట, హాస్పిటల్లో నర్సు పని. సెలవు దొరికితే కొండల మీదనే ఉంట. మా ఆయన "వానలో తడుసుడు కోసం పెట్రోలు తగలేసుకుని పోవుడేంది" అంటడు, ఆయన మాట పక్కకు పెట్టు.

ముందు నీ రెయిన్‌సూట్ సంగతి. బండి మీద కూసున్నోనికి ఎక్సలేటర్ తిప్పుడు తప్ప పనేమున్నది? చెమట రాదు, కాబట్టి అది పనిచేసింది. బెన్ లోమండ్ దారి రోవార్డెన్నన్ దగ్గర సరస్సు ఒడ్డునుంచి మొదలవుతది, శిఖరం 974 మీటర్లు. అంటే ఆ ఎత్తు దాదాపు అంతా నీ కాళ్లతోనే ఎక్కాలె. చెట్ల మధ్యల నడిచే మొదటి అరగంటలోనే రబ్బరు కోటు కింద నీ చొక్కా పిండితే నీళ్లు కారతయి. చెట్లు అయిపోయినంక గాలి తగుల్తది. నువ్వు ఫొటోలకు ఆగుతవ్. అప్పుడు ఆ చెమట చల్లబడి పండ్లు టకటక కొట్టుకుంటయి. వాన బయటనే ఉన్నా నువ్వు తడిసినట్టే లెక్క.

గ్లాస్గోలో 12 డిగ్రీలున్న రోజు ఆ శిఖరం మీద 5, 6 ఉంటది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుడు మామూలే. గంటకు 60 కిలోమీటర్ల గాలి అక్కడ పెద్ద విశేషం కాదు. ఆ గాలితో కలిపి ఒంటికి తెలిసే చలి సున్నా కిందికి పోతది. మనుషులకు ఒళ్లు చల్లబడి ప్రమాదం రావాలంటే మంచు కురవాలె అనుకుంటరు మనోళ్లు. అక్కర్లేదు. తడి, గాలి, ఖాళీ కడుపు ఈ మూడు కలిస్తే 5 డిగ్రీలు చాలు. మీ గుంపులో ఎవరన్న మాట ముద్దముద్దగ మాట్లాడి, అడుగు తడబడుతుంటే అలసట అనుకుని వదిలెయ్యకు.

ఇగ ట్యాగు మీది అంకెలు. గుడ్డ మీద నిలువు గొట్టం పెట్టి నీళ్లు పోసుకుంట పోతే, ఎంత ఎత్తు నీటి బరువు దాకా అవతలికి ఊరకుండ ఆపుతదో ఆ కొలత అది. 10,000 అంటే పది మీటర్ల నీటి స్తంభం. వాన చినుకు అంత గట్టిగ కొట్టదు. కానీ నీ బ్యాగు పట్టీలు భుజాల మీద ఒత్తుతయి, తడి బండ మీద కూసుంటే నీ బరువంతా గుడ్డ మీద పడ్తది, అక్కడ అంకె పనికొస్తది. 10,000 ఉంటే నీకు సరిపోతది, 15,000 దొరికితే ఇంకా మంచిది. 20,000 కోసం అప్పు చెయ్యకు. కింద ఇంకో అంకె ఉంటది, గుడ్డలోంచి ఆవిరి రోజుకు ఎన్ని గ్రాములు పోతదని. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తది, ఒకరి అంకె పక్కన ఇంకొకరిది పెట్టి చూసుడు దండగ.

షాపులో అంకెల కన్నా ముందు హుడ్ చూడు. నేను నాలుగు వందల పౌండ్ల జాకెట్లు వేసుకున్నోళ్లను కొండ మీద ఒక చేత్తో హుడ్ పట్టుకుని నడుసుడు చూసిన. ఉన్ని టోపీ పెట్టుకుని దాని మీద హుడ్ వేసుకో. మెడ దాకా జిప్పు పెట్టు. తాళ్లు బిగించు. ఇప్పుడు తలను కుడికి తిప్పు. హుడ్ నీ తలతో పాటు తిరిగిందా, లేకపోతే అక్కడనే నిలబడి నీ కుడికన్ను లైనింగును చూస్తుందా? రెండోదైతే అక్కడనే తీసి కొక్కేనికి తగిలించు, ఎంత డిస్కౌంటున్నా సరే. నుదురు మీది అంచులో వంచితే వంగి ఉండే తీగ గాని, గట్టి పట్టీ గాని ఉండాలె. లేకపోతే ఆ అంచు తడిసి కండ్ల మీదికి వాలుతది. కండ్లద్దాలు పెట్టుకుంటవా? అయితే అది ఇంకా ముఖ్యం. తాళ్ల కొసలు లోపలికి పోయేటట్టు ఉన్నయా చూడు, గాలికి అవి చెంపల మీద కొడుతుంటే దారి మీద ధ్యాస ఉండదు.

షాపుకు నీ బ్యాగు తీస్కపో, సిగ్గుపడకు. స్వెట్టరు మీద జాకెట్, దాని మీద బ్యాగు, నడుము బెల్టు పెట్టుకో. జేబులు బెల్టు కిందికి పోతే చెయ్యి పెట్టనీకి రాదు, అందుకే కొండ జాకెట్లకు జేబులు ఛాతీ దగ్గర ఉంటయి. రెండు చేతులు పైకెత్తు, కింది అంచు బెల్టులోంచి బయటికి రావద్దు. మణికట్టు దగ్గర వెల్క్రో పట్టీ ఉండాలె, కర్రలు పట్టుకున్నోళ్లకు నీళ్లు చేతిమీదుగ మోచేతి దాకా పారుతయి. చంకల కింద జిప్పులుంటే నా లెక్కలో అవి ఏ పొర పేరుకన్నా విలువైనవి. ఎక్కేటప్పుడు తెరుస్తవ్, ఆగినప్పుడు మూస్తవ్.

గేర్ పిచ్చోడు చెప్పింది అబద్ధం కాదు, గోర్-టెక్స్ మంచి పొరనే. కానీ ఆ పొర పనిచెయ్యాలంటే పై గుడ్డ మీద నీటి చుక్క ముత్యంలెక్క నిలబడి జారిపోవాలె. దానికి పై గుడ్డకు వేరే పూత ఉంటది. అది అరిగిపోతే గుడ్డ నీళ్లు తాగి బరువెక్కుతది. లోపటి పొర వానను ఇంకా ఆపుతనే ఉంటది, కానీ ఆవిరికి బయటికి దారి మూసుకపోతది, చల్లగ ఒంటికి అతుక్కుంటది. "నా జాకెట్ కారుతుంది" అని చెప్పేటోళ్లలో చాలామంది సంగతి ఇదే. నాలుగు వందలు పెట్టి కొని ఉతకనోని జాకెట్ కన్నా, తొంభై పౌండ్లకు కొని మంచిగ చూసుకునేటోని జాకెట్ వెయ్యి రెట్లు నయం.

చూసుకునుడు అంటే కష్టమేం లేదు. మామూలు సర్ఫు, ముఖ్యంగ కంఫర్ట్ లాంటి మెత్తబరిచే నీళ్లు అస్సలు వద్దు, వాటి మిగులు గుడ్డలో ఉండి నీటిని పిలుస్తది. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ వాళ్ల ప్రత్యేక సబ్బు నీళ్లు దొరుకుతయి, అవి వాడు. మిషన్ సబ్బు డబ్బాను ముందు కడుగు. తర్వాత లేబుల్ మీద ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పు. చాలాసార్లు ఆ వేడికే పూత మళ్ల పనిచేస్తది. చెయ్యకపోతే అప్పుడు పూత మందు కొనుక్కో. ఇంకొకటి, తలకు కొబ్బరినూనె రాసుకుని కొండకు రాకు. కాలరు, హుడ్ దగ్గర నూనె పట్టి పూత అక్కడనే ముందు పోతది. మా చెల్లె వచ్చినప్పుడు నా జాకెట్ వేసుకుని జడతో సహా హుడ్‌లో తోసింది, ఆ మరక ఇప్పటికీ ఉంది.

జాకెట్ లోపట కాటన్ టీషర్టు, జీన్స్ వద్దు. పాలియెస్టరో మెరీనో ఉన్నో వేసుకో. మా తాత గొంగడి కొప్పెర వేసుకుని ముసురులో గొర్ల వెంట తిరిగేటోడు. గొంగడి తడిసి బరువెక్కేది కానీ కింద ఒళ్లు వెచ్చగ ఉండేది. ఇక్కడి కొండ మీద కూడా నువ్వు కోరుకోవాల్సింది అదే. పొద్దంతా వాన కొడితే ఎంత ఖరీదు జాకెట్‌లోనైన కొంత తడుస్తవ్. వెచ్చగ దిగొస్తే చాలు.

పాంటు సంగతి నువ్వు అడగలేదు, ఎవ్వరూ అడగరు. వాటర్‌ప్రూఫ్ పాంటు కూడా కావాలె. 120లో జాకెట్‌కు ఎనభై, పాంటుకు మిగిలింది పెట్టు. బూట్లు విప్పకుండ వేసుకునేటట్టు పక్క జిప్పు పొడుగ్గ ఉండాలె. ఆ శనివారానికి అన్నీ కొనలేకపోతే మీ క్లబ్బు వాళ్లను అడుగు, అరువిచ్చే సామాను ఉంచుకునే క్లబ్బులు చాలా ఉన్నయి.

సహ్యాద్రి శీను

పుణె నుంచి రాస్తున్నా. వానాకాలంలో హరిశ్చంద్రగఢ్, కల్సూబాయి వైపు తిరుగుతుంటాం. ఇక్కడ నేను ఖరీదైన జాకెట్ వాడడం మానేసి చవక పొంచో, కొన్నిచోట్ల గొడుగు పట్టుకుని ఎక్కుతున్నాను. బాగానే ఉంటుంది. బ్రీతబుల్ (చెమట ఆవిరిని బయటికి పంపేది) అనే మాట అంతా మార్కెటింగ్ అని నా అభిప్రాయం.

ఇంకో అనుభవం చెబుతా. ఒక ఆన్‌లైన్ షాపులో కొన్న జాకెట్‌ని రెండు వేసవులు గుంటూరులో మా ఇంట్లో సూట్‌కేసులో ఉంచాను. తీసి చూస్తే లోపలి పూత పొరలు పొరలుగా ఊడి నల్ల టీషర్టు నిండా తెల్లటి పొట్టు. కుట్ల మీద అంటించిన టేపు కూడా లేచిపోయింది. వాడింది లేదు, ఉతికింది లేదు.

హనుమకొండ అక్క

శీనూ, నీ రెండు మాటలకు రెండు జవాబులు.

ఆవిరి బయటికి పోవాలంటే లోపట వేడి తేమ ఎక్కువ, బయట తక్కువ ఉండాలె. జులైలో మీ సహ్యాద్రిలో బయటనే ఇరవై నాలుగు డిగ్రీలు, గాలి అంతా తేమ. ఆవిరి ఎక్కడికి పోతది? ఏ పొర వేసినా చెమటే. ఇక్కడ బయట ఆరు డిగ్రీలు, జాకెట్ లోపట ముప్ఫై దగ్గర. ఆ తేడా ఉన్నది కాబట్టి కొంతన్న పోతది. అక్కడ తడిసినా చలి చంపదు, అందుకే పొంచో నడుస్తది. ఇక్కడ గొడుగు తెరిస్తే రెండో నిమిషానికి పుల్లలు మిగుల్తయి. పొంచో అయితే ముఖం మీదికి లేచి అడుగు ఎక్కడేస్తున్నవో కనపడదు.

పొట్టు రాలిన సంగతి: చవక జాకెట్లలో లోపటి పూత పాలీయురథేన్. వేడికి, తేమకు అది వాడకున్నా విరిగిపోతది. గుంటూరు వేసవి, మూసిన సూట్‌కేసు, ఇంకేం కావాలె. కాజా, నువ్వు ఇండియా పోయేటప్పుడు జాకెట్ ఇక్కడనే ఎవరింట్లోనన్న హ్యాంగరుకు తగిలించి పో. మడత పెట్టి సంచిలో కుక్కకు.

కాకినాడ కాజా

అక్కా, మీరు చెప్పినట్టే బ్యాగు వేసుకుని షాపుకెళ్లాను. సేల్స్‌మన్ ఏమీ అనుకోలేదు, పైగా ఉన్ని టోపీ ఆయనే తెచ్చిచ్చాడు. మూడు జాకెట్లు హుడ్ పరీక్షలోనే పోయాయి, కుడికన్ను లైనింగునే చూసింది! ఇప్పుడు రెండు మిగిలాయి.

ఒకటి 85 పౌండ్లు, రెండున్నర లేయర్లంట. మూడు వందల గ్రాములు కూడా లేదు, పిడికిట్లో పట్టేస్తుంది. రెండోది పోయిన సంవత్సరం మోడలు, సేల్లో 95, మూడు లేయర్లు, దాదాపు అర కిలో, చంకల కింద జిప్పులున్నాయి. రంగు మాత్రం ఆరెంజి, మునిసిపాలిటీ వాళ్లు వేసుకునేలాంటిది. ఇవి కాక మా సీనియర్ ఒకడు తన పాత గోర్-టెక్స్ 50కి ఇస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

గేర్ పిచ్చోడు

రెండున్నర అంటే పై గుడ్డ, దాని కింద పొర, పొర మీద లోపలివైపు సన్నటి అచ్చు మాత్రమే. మూడు లేయర్లలో పొరకి లోపల కూడా గుడ్డ అతికిస్తారు. బ్యాగు మోస్తూ నడిచేవాడికి మూడు లేయర్లే మేలు, ఒంటికి అంటుకోదు, భుజాల దగ్గర త్వరగా అరగదు. నేను గోర్-టెక్స్ ప్రో అన్నాను గానీ 95కి మూడు లేయర్లు, పిట్ జిప్పులు వస్తుంటే నేనూ అదే కొంటాను. అక్క చెప్పిన ఉతుకుడు సంగతి కూడా నిజమే. ఫ్లోరిన్ తీసేసిన కొత్త పూతలు మంచివే గానీ ఇంకా తరచుగా ఉతకాలి, నూనె మరకని అవి అంతగా ఆపలేవు.

హనుమకొండ అక్క

ఆరెంజిదే తీస్కో. రెండున్నర లేయర్లది ఎండాకాలం బ్యాగు అడుగున "ఏమో పడితే" అని పెట్టుకునేందుకు మంచిది. అక్టోబరులో పొద్దంతా ఒంటి మీద ఉంచుకునేందుకు కాదు. వెస్ట్ హైలాండ్ వే 154 కిలోమీటర్లు, రోజూ అదే భుజాల మీద అదే పట్టీలు రాపిడి. గుడ్డ గట్టిగ ఉండాలె.

రంగు గురించి నవ్వకు. మబ్బు దిగితే పది అడుగుల దూరంలో ముదురాకుపచ్చ జాకెటోడు కనపడడు. కర్మకాలి ఎవరికన్న కాలు విరిగితే 999కు ఫోను చేసి ముందు పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలె. వచ్చేటోళ్లు జీతం లేని వాలంటీర్లు, రాత్రి నిద్ర లేచి వస్తరు. వాళ్లకు నువ్వు తొందరగ కనపడుడు మంచిదే కదా.

సీనియర్ జాకెట్ చూడకుండ పైసలు ఇయ్యకు. లోపలిది బయటికి తిరగెయ్యి. భుజాల మీద, హుడ్ కుట్ల మీద టేపు అంచులు లేచినయా చూడు. కాలరు దగ్గర బుడగలు కనిపిస్తే పొర గుడ్డను వదిలిపెట్టినట్టు, అది ఇగ బాగుకాదు. బుడగలు లేకుండ, పై గుడ్డ మాత్రం నీళ్లు పీలుస్తుంటే ఉతికి వేడి పెడితే సర్దుకోవచ్చు. ఓ గ్లాసు నీళ్లు జాకెట్ చెయ్యి మీద పోసి నీ ముందే చూపియ్యమను.

ఎల్లుండికల్లా కొను. శుక్రవారం రాత్రి కొండల వాతావరణం ఎండబ్ల్యూఐఎస్ (మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్) సైటులో చూడు, ఊరి వాతావరణం చూసి పోకు. అక్టోబరు చివరి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతరు, మీది దాని ముందు శనివారమైతే ఆరింటికి చీకటి, ఆ తర్వాతదైతే ఐదు కూడా కాకముందే. తల దీపం పెట్టుకో. బ్యాగు మీద తొడిగే రెయిన్ కవరు గాలికి ఎగిరిపోతది, లోపట పెద్ద చెత్త కవరు వేసి బట్టలు దాంట్లో పెట్టు.

పాంటు కొన్నవా లేదా? దాని ముచ్చట ఎత్తలేదు చూడు.

కాకినాడ కాజా

ఆరెంజి కొనేశానక్కా. పాంటుకి 25 పౌండ్లు మిగిలాయి, జిప్పు మోకాలి దాకానే ఉన్నది ఒకటి దొరికింది. ఇంట్లో బూట్లతోనే వేసుకుని చూశాను, ఎడమకాలు ఇరుక్కుపోయి మంచం మీద పడ్డాను గానీ ఎక్కింది.

హనుమకొండ అక్క

కుడికాలితో మొదలుపెట్టినా అంతే. బూటుకు పాలిథిన్ సంచి తొడిగి ఎక్కించు, జారుకుంట పోతది.